పెంటమ్మ డ్యూటీకి వచ్చిన రోజు

ఈ ఉదయం నా పేరు నాకంటే ముందే ఆసుపత్రికి వచ్చి, కాన్పుల వార్డు గుమ్మం దగ్గర నా స్టూలు మీద కూర్చుని ఉంది.

మోకాలంత ఎత్తు. మట్టి రంగు. చలికాలం పొద్దున పెంటకుప్ప మీద లేచినట్టు దాని ఒంటి మీంచి సన్నగా ఆవిరి లేస్తోంది. ముప్పై ఏళ్ల కిందట ఊళ్లో వదిలేసి వచ్చినా, చూడగానే గుర్తుపడతాను.

నేను ఇక్కడ ఆయాను. నా నీలం కోటుకున్న బిల్ల మీద పద్మ అని రాసి ఉంటుంది. ఉద్యోగంలో చేరిన రోజు గుమస్తా పేరు అడిగితే, ఆయన వెనక క్యాలెండరులో తామరపువ్వు కనబడింది. అదే చెప్పాను. అసలు పేరు చెబితే ఆయన నవ్వుతాడని నాకు ముందే తెలుసు. బళ్లో నవ్వారు, పెళ్లిలో నవ్వారు.

హెడ్ నర్సు సుకుమారి సిస్టర్ స్టూలు వైపు చూస్తుంది.

"పద్మా, ఇది ఎవరిది?"

"తెల్వదు సిస్టర్."

"వార్డులోకి రానివ్వకు. వాసనొస్తోంది."

నా పేరు కాళ్లు ముడుచుకుని కొంచెం జరిగి, స్టూలు మీద నాకు చోటిస్తుంది. నేను కూర్చోను.

తొమ్మిదో మంచం మీద స్వరూప ఉంది. నిన్న సాయంత్రం ఆడపిల్లను కన్నది. ఇంతకుముందు ఇద్దరు పుట్టారు, దక్కలేదు. ఈ పిల్ల పుట్టినప్పుడు కిలో మూడు వందల గ్రాములు. తూచిన ప్రతిసారీ తగ్గుతోంది. ఇప్పుడు నాలుగు వందలు. పిల్ల చిన్నదవడం లేదు, బరువు మాత్రమే పోతోంది. తువ్వాలు తీస్తే పైకి తేలిపోతుందని స్వరూప దాని పొట్ట మీద అరచేయి ఆనించి ఉంచింది.

"పేరు పెట్టకుంటే నిలవదంట అక్కా," అంటుంది. "మా అత్తమ్మ ఎతుకుతున్నది."

అత్త బాలకిష్టమ్మ మంచం పక్కన కింద కూర్చుని, ఐదు వేల ఆడపిల్లల పేర్ల పుస్తకం తిరగేస్తోంది. ఆమె చదివిన పేరల్లా పేజీలోంచి చెరిగిపోతోంది. సగం పుస్తకం ఇప్పటికే తెల్లగా ఉంది.

అప్పుడు వరండా చివర ఒకాయన కనిపిస్తాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చంకలో ఒక పుస్తకం, చేతిలో ఇత్తడి త్రాసు. తొందరేమీ లేకుండా నడుస్తున్నాడు.

"ఈయననే అక్కా," అంటుంది స్వరూప. గొంతు పెంచదు. "రెండుసార్లు ఈయననే వచ్చి ఎత్తుకపోయిండు."

నేను బకెట్టు, తుడుపుకర్ర తీసుకుని వరండాలోకి వెళతాను. తడిబట్టతో తుడిస్తే మా వరండా పొడుగవుతుంది. ఒక్క చాపంత మేర తుడిస్తే ఇరవై అడుగులు. నేను తుడుస్తాను, ఆయన నడుస్తాడు. ఆయన పది అడుగులు వేస్తే నేను ఇరవై పెంచుతాను. కిటికీలు, బెంచీలు, మందుల గది తలుపులు ఒకటి పక్కన ఒకటి కొత్తగా వస్తూ ఉంటాయి. ఎండ వరండా మధ్యకు వచ్చేసరికి నా భుజాలు లాగేస్తున్నాయి. బకెట్టులో నీళ్లు అయిపోతాయి. కుళాయి తిప్పితే గాలి వస్తుంది.

సామాన్ల గదిలో ఇంకో కుళాయి ఉంది. పరుగెత్తుతాను. నా పేరు నాకంటే ముందు పరుగెత్తి, ఫినాయిలు సీసాల అర తలుపు తెరుస్తుంది. సీసాల వెనక మా అవ్వ ఎల్లవ్వ వాకిలి ఉంది.

సీసాలు జరిపి లోపలికి దిగుతాను. అవ్వకు నలభై ఏళ్లుంటాయి, నాకంటే పన్నెండేళ్లు చిన్నది. ఆమె చేతుల్లో చాట ఉంది. చాటలో నేను ఉన్నాను. పుట్టి గంట కాలేదు. గుడిసె లోపల మా అమ్మ ఏడుస్తోంది. నాకు ముందు ముగ్గురు పోయారు.

"ఎవరి బిడ్డవు?" అవ్వ నన్ను అడుగుతుంది.

"నీ బిడ్డనే."

"అట్లయితే పక్కకు నిలబడు. ఆయన వస్తున్నడు."

అవ్వ చాటను తీసుకెళ్లి పెంటకుప్ప మీద పెడుతుంది. పేడ, ఊడ్చిన చెత్త, కుళ్లిన గడ్డి, అన్నీ కలిసిన కుప్ప అది. తెల్ల చొక్కా ఆయన వాకిట్లోకి వచ్చి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుంటాడు.

"ఏందది?"

"కనవడ్తలేదా. పెంట."

"కదులుతున్నది."

"ఉడుకుతున్నది. మంచి పెంట ఉడుకుతది."

"పేరు చెప్పు, రాసుకొని తీసుకపోత."

"పెంటమ్మ."

ఆయన పెన్ను ఎత్తుతాడు. ఎదురుగా తెల్లటి పేజీ. అందమైన పేర్లు, గుండ్రటి అక్షరాలు. కాసేపు చూసి పెన్ను మూత పెట్టేస్తాడు. "ఇది రాస్తే పక్క పేర్లన్నీ ఖరాబైతయ్," అని చెప్పులు రాయికి తుడుచుకుని వెళ్లిపోతాడు.

నాకు కోపం వస్తుంది. ముప్పై ఏళ్ల కోపం. "ఇంకో పేరు దొరకలేదా అవ్వా? నేను దీన్ని దాచిపెట్టుకొని బతికిన."

అవ్వ నన్ను చాటలోంచి ఎత్తుకుని, నావైపు తిరుగుతుంది.

"పెంట తోలకుంటే మన చెల్కల గింజ మొలుస్తదా? బతికేటిది చూసి పెట్టిన. దాచినా ఏం కాదు బిడ్డా. లోపల ఉడుకుతనే ఉంటది. పో, నీకు పనున్నది."

నేను తిరిగి వార్డులోకి వచ్చేసరికి ఆయన తొమ్మిదో మంచం దగ్గర నిలబడి ఉన్నాడు. పిల్ల త్రాసు పళ్లెంలో ఉంది. రెండో పళ్లెంలో ఏమీ లేదు. అయినా పిల్ల ఉన్న పళ్లెమే పైకి లేస్తోంది.

"పేరు?" అంటాడు ఆయన.

బాలకిష్టమ్మ పుస్తకం తెరుస్తుంది. "ఆద్విక," అని చదువుతుంది.

ఆయన తన పుస్తకం చూస్తాడు. "ఉన్నది."

"వేదాన్షి."

"ఉన్నది."

బాలకిష్టమ్మ చివరి పేజీ తిప్పుతుంది. అది తెల్లగా ఉంది.

"నా దగ్గర ఒకటుంది," అంటాను నేను.

ఆయన నా బిల్ల వైపు చూస్తాడు. "పద్మ. అది చానా కాలం నుంచి ఉన్నది నా దగ్గర."

నేను బిల్ల పీకి కోటు జేబులో వేసుకుంటాను. వార్డు అంతా నా వైపే చూస్తోంది. సుకుమారి సిస్టర్ కూడా. నా నోట్లో ఆ పేరు వేడిగా ఉంది, అప్పుడే కాచిన జొన్న గటకలాగా.

"నా పేరు పెంటమ్మ," అంటాను. ఎవరూ నవ్వరు. "స్వరూపా, నీ బిడ్డకిస్త. ఇయ్యనా?"

"ఇయ్యి అక్కా."

"ఇచ్చినంక నీకేం మిగులుతది?" అంటాడు ఆయన.

"ఇస్తే ఒడిసేటిది కాదిది."

నా పేరు గుమ్మం దాటి వచ్చి, మంచం ఎక్కి, పళ్లెంలో పిల్ల పక్కన పడుకుంటుంది. పళ్లెం ఆగుతుంది. తర్వాత దిగుతుంది. కిలో. రెండు. మూడున్నర దగ్గర ఇత్తడి గొలుసు తెగి, పళ్లెం స్వరూప ఒళ్లో పడుతుంది. పిల్ల పుట్టాక మొదటిసారి ఏడుస్తుంది. ఆ ఏడుపుకు కిటికీ అద్దాల మీది దుమ్మంతా రాలిపోతుంది.

ఆయన రుమాలు ముక్కుకు పెట్టుకుని, పుస్తకం చంకలో ఇరికించుకుని బయలుదేరతాడు. నేను పొద్దుటి నుంచి పెంచిన వరండా అంతా ఇప్పుడు ఆయన తిరిగి నడవాలి. ఆయన వీపు చాలాసేపు కనబడుతూనే ఉంటుంది.

నాలుగో మంచం ఆమె ముందు అడుగుతుంది. "నా బిడ్డకు సుత ఇస్తవా?" తర్వాత ఏడో మంచం. తర్వాత కవలలు పుట్టిన పదకొండో మంచం, ఇద్దరికీ అదే కావాలంటుంది. బాలకిష్టమ్మ తెల్ల పుస్తకం తెచ్చి నా చేతిలో పెడుతుంది, రాయమని.

సుకుమారి సిస్టర్ పుట్టుక పత్రాలు తెస్తుంది. ఇవాళ వాటిలో మూడు గళ్లు కొత్తగా ఉన్నాయి.

"పేరు ఎక్కడ పుట్టింది?"

"మా అవ్వ వాకిట్ల."

"అర్థం?"

"బతికేటిది."

"ఎంతమందికి ఉంది?"

నేను చుట్టూ చూస్తాను. వరండాలో కొత్తగా వచ్చిన తలుపులన్నీ తెరుచుకుని, పిల్లల్నెత్తుకున్న తల్లులు వరసగా వస్తున్నారు. "రాస్తనే ఉండండి సిస్టర్," అంటాను.

ఆమె మధ్యాహ్నం దాకా రాస్తుంది. తర్వాత పెన్ను ఆపి, ఎవరికీ వినబడకుండా నా చెవిలో అంటుంది: "నాకూ ఒకటి ఉంచు."

నా పేరు ఇప్పుడు పైకప్పు దాకా పెరిగింది. దాని వెచ్చదనానికి నేల పలకలు విడిపోయి, మధ్యలోంచి జొన్న మొలకలు వస్తున్నాయి. మంచాలు ఒక్కొక్కటే కాళ్లు కదిలించి, బండ్లు కట్టినట్టు వరసలో గుమ్మం దాటుతాయి. తల్లులు వాటి మీద కూర్చుని పాలిస్తున్నారు. మేం ఊరు దాటి చెలకల్లోకి వస్తాం. మంచాలు నడిచిన చోటల్లా జొన్న మనిషెత్తు లేచి, పాలకంకి పడుతోంది.

నేను ఒక కంకి వంచి చెవికి ఆనించుకుంటాను. ఒక్కో గింజలో ఒక్కో తరగతి గది ఉంది. టీచరు ఒకే పేరు పిలుస్తోంది, గది నిండా ఆడపిల్లలు లేచి నిలబడి, అందరూ కలిసి, ఉన్నాం అంటున్నారు.