వెస్లీ వేసిన అతుకులు

వెర్లిన్ ముందు మాట ఇచ్చాడు, తర్వాత బండి కిందకి దూరాడు. అదే తిరగేసి చేసుంటే ఈ గొడవంతా ఉండేది కాదు. కానీ ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయిన పెళ్ళాం ఎదురుగా నిలబడి, "ఉండు, కింద చూసొచ్చి చెబుతా" అనగలిగే మగాడు ఓక్లహోమా మొత్తం గాలించినా దొరకడు.

ఆ బండి వాళ్ళ అబ్బాయి వెస్లీది. యాభైమూడో సంవత్సరం నాటి షెవర్లే పికప్. వెర్లిన్ భార్య నాడీన్ వాళ్ళ తాతగారు దాంట్లో గోధుమలు తోలేవాడు. ఆయన పోయాక పొలం గట్టున చెట్ల వరసలో పడి ఉండి, సీటులో పాములు కాపురం పెట్టి, ఎవరికీ అక్కర్లేనిదైపోయింది. వెస్లీ దాన్ని ట్రాక్టరుతో ఈడ్చుకొచ్చి ఇంటి గరాజులో పెట్టాడు. పెట్టి, తల్లి కారుని వీధిలోకి గెంటేశాడు. వడగళ్ళు పడ్డప్పుడల్లా నాడీన్ కారు మీద దుప్పట్లు కప్పుకుంటూ కొడుకుని ఏడు తరాలు తిట్టేది. వాడు గుమ్మంలో నిలబడి నవ్వేవాడు. తిట్టినంత సేపూ ఆవిడకీ నవ్వొచ్చేది.

వాడి ఆలోచనల్లా ఒకటే. బండి చూడ్డానికి తాతగారి నాటి బండిలాగే ఉండాలి, కానీ నేలని కరుచుకుని కూర్చోవాలి, హైవే మీద కారులా జారిపోవాలి. అందుకని ముందుండే మొద్దు ఇరుసుని కోసి పారేసి, చక్రాలను మోసే అడ్డదూలం కొత్తది తెచ్చి, ఛాసిస్‌కి తనే వెల్డింగ్ చేసి అతికించాడు. ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. ఫోన్‌లో చూసి నేర్చుకున్నాడు. తండ్రేమో ఆ చుట్టుపక్కల పేరు మోసిన పైపులైను వెల్డరు. ఆయన నెలల తరబడి ఏ వయోమింగ్‌లోనో ఏ డకోటాలోనో పైపులు అతుకుతూ ఉంటాడు, ఇంటికొస్తే నిద్రపోతాడు. అయినా వెస్లీ అడగలేదు. పైగా షరతు పెట్టాడు.

"ఇంజను స్టార్ట్ చేసే రోజు నేనే పిలుస్తా నాన్నా. అప్పటిదాకా నువ్వు కింద తొంగి చూశావో, ఊరుకోను."

"చూడనురా బాబూ, నాకేం పని లేదా?" అన్నాడు వెర్లిన్. అన్నమాట ప్రకారం చూడలేదు కూడా.

కోతల కాలంలో, బండికి రంగు కొనుక్కుంటానని వెస్లీ గోధుమల గిడ్డంగిలో పనికి కుదిరాడు. నిలువెత్తు గాదె లోపల గడ్డకట్టిన గోధుమని కదపడానికి దిగాడు. కాళ్ళ కింద గింజలు జారాయి. ఊబిలో దిగినట్టు దిగిపోయాడు. పైకి తీసేసరికి అయిపోయింది. అంతే, ఇంతకంటే దాన్ని గురించి చెప్పడానికి ఆ ఇంట్లో ఎవరికీ నోరు రాదు. ఊరు ఊరంతా గిన్నెలతో వంటకాలు తెచ్చి పెట్టింది. ఆ గిన్నెలు ఎవరివి వాళ్ళకి తిరిగివ్వడం కూడా అయిపోయింది. అప్పుడిక ఇంట్లో చెయ్యడానికి ఏ పనీ మిగల్లేదు.

బండి మాట ఎత్తింది కోరా. వెస్లీ చెల్లెలు. శీతాకాలం పోయాక నర్సింగు చదువుకి రోజూ పక్క పట్నం వెళ్ళిరావాలి.

"అన్నయ్య బండి పూర్తి చెయ్యి నాన్నా. నేను నడుపుతా. అమ్ముతానన్నావంటే మాత్రం నాతో మాట్లాడకు."

వెర్లిన్ భార్య వంక చూశాడు. నాడీన్ చాలాసేపు బల్ల మీది గుడ్డని మడతపెట్టి విప్పి, విప్పి మడతపెట్టి, చివరికి అంది.

"పూర్తి చెయ్యి. కానీ వాడు చేసింది ఏదీ తీయకు. మిగిలింది చెయ్యి. వాడి చెయ్యి పడ్డది వాడిదే. మాటియ్యి."

"తీయను," అన్నాడు వెర్లిన్.

మర్నాడు కింద దూరి దీపం పెట్టి చూశాడు.

అతుకు ఇనుములోకి దిగలేదు. పైపైన ఉండలు ఉండలుగా కూర్చుంది. పాపం, కాలిపోతుందేమోనని భయపడి మంట తగ్గించి పెట్టుకున్నాడు వాడు. వేసిన చోటే మళ్ళీ వేశాడు, చివర వదలలేక ముద్ద చేశాడు. వెర్లిన్ చిన్న సుత్తితో ఒక మూల తట్టాడు. గట్టిగా కూడా కాదు. సన్నగా పగులు పాకింది. ముందు చక్రాలు రెండూ ఆ అతుకుల మీదే నిలబడాలి. హైవే మీద, గోధుమ లారీల మధ్య, లోపల కోరా.

ఆ పగులు మీద వేలు పెట్టుకుని అలాగే పడుకున్నాడు. కొడుకు ఎంత కష్టపడ్డాడో ఆ ఉండల్లో కనిపిస్తోంది. ఎక్కడ ఆగాడో, ఎక్కడ చెయ్యి వణికిందో, ఎక్కడ విసుగొచ్చి మళ్ళీ మొదలెట్టాడో, అన్నీ ఆయనకి అక్షరాల్లా కనిపిస్తున్నాయి. పక్కనుంటే ఒక్క మాటతో దిద్దేవాణ్ణి కదా అనుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఇంట్లో మాత్రం నోరు మెదపలేదు. తలుపులకి తుప్పు గీకాడు. సీటు కుట్టించాడు. వెనక తొట్టిలో కొత్త చెక్కలు పరిచాడు. అన్నీ చేశాడు, ముందు చక్రాల జోలికి మాత్రం పోలేదు. "ఇంకా ఎన్నాళ్ళు నాన్నా, నేను చదువు పూర్తి చేసి ముసలిదాన్నయ్యాకా?" అని కోరా సాధిస్తే, "అవుతుందిలే" అనేవాడు.

ఆ వారాల్లోనే హోయ్ట్ వచ్చాడు. వెర్లిన్‌తో పాటు పైపుల మీద పనిచేసినవాడు. మంచివాడే, కానీ నోటికి మూత లేదు. చేతిలో కాఫీ కప్పుతో వచ్చి, చలికి తిట్టుకుంటూ బండి చుట్టూ తిరిగి, భలే భలే అని, అలవాటు కొద్దీ వంగి కిందకి చూశాడు.

"ఒరేయ్ వెర్లిన్! ఇదేంట్రా? కోళ్ళేమైనా పెంచుతున్నావా ఇక్కడ? రెట్టలేసినట్టుంది! ఏ గుడ్డివాడితో చేయించావురా దీన్ని, మా అమ్మమ్మ కూడా..."

వెర్లిన్ మొహం చూసి ఆగిపోయాడు. అప్పుడర్థమైంది వాడికి. కాఫీ కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని, "అయ్యో దేవుడా. నా నోరు పడిపోను. వెర్లిన్, నాకు తెలీదురా" అన్నాడు.

వంటింటి తలుపు దగ్గర నాడీన్ నిలబడి ఉంది.

హోయ్ట్ వెళ్ళిపోయాక ఆవిడ మెట్టు దిగి వచ్చింది.

"నిజమేనా? బాలేదా?"

"బాలేదు కాదు నాడీన్. పట్టలేదు. ఊడిపోతుంది."

"నీకెప్పుడు తెలుసు?"

"మాటిచ్చిన మర్నాడు."

"తీయనన్నావు."

"తీయనన్నాను. కోరాని దాని మీద ఎక్కించి పంపమంటావా?"

"పంపొద్దు! ఎవరూ నడపొద్దు. ఇక్కడే ఉంచు. నా కారు ఇంకో పదేళ్ళు వర్షంలో తడవనీ, నేనేమైనా అడిగానా?" నాడీన్ బండి మీద చెయ్యి వేసింది. "వాడి బట్టల్లో వాడి వాసన పోయింది వెర్లిన్. ఉతక్కుండా ఉంచాను, అయినా పోయింది. ఫోన్‌లో వాడి గొంతుంది, అది వింటే నాకు ఊపిరాడదు. వాడు చేత్తో చేసింది ఇదొక్కటే ఉంది. రెట్టో, మరోటో. అది నాది."

ఆవిడన్నదాంట్లో తప్పేముంది? వెర్లిన్ అన్నదాంట్లో మాత్రం తప్పేముంది? ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా చాలా రోజులు గడిచాయి. అన్నం బల్ల దగ్గర ఉప్పు కావాలంటే కోరాని అడిగేవారు. చివరికి ఆ పిల్ల ఉప్పుడబ్బా ఇద్దరి మధ్యన ఠపీమని పెట్టి, "మీరే తీసుకోండి, నేను పోస్టుమాన్‌ని కాదు" అని పోయి పికప్‌లో కూర్చుంది. ముందు చక్రాలు లేని బండిలో స్టీరింగు పట్టుకుని కూర్చుని ఏడ్చింది. నాడీన్ కిటికీలోంచి చూసింది. వెస్లీ కూడా మొదట్లో అలాగే ఉత్తుత్తి స్టీరింగు తిప్పేవాడు. కానీ అక్కడ కూర్చున్నది వెస్లీ కాదు, బతికున్న పిల్ల. ఆ తేడా ఆ కిటికీ దగ్గరే ఆవిడకి తగిలింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, బట్టలైనా మార్చుకోకుండా, "తీసెయ్" అంది. "ఇప్పుడే తియ్యి. నేనిక్కడే ఉంటా."

వెర్లిన్ ఇనుము అరగదీసే గ్రైండరు పెట్టాడు. పట్టని అతుకు కదా, ఎంతసేపు ఉంటుంది. నిప్పురవ్వలు లేచి సిమెంటు మీద పడి ఆరిపోయాయి. చివరికి ఇనుము నున్నగా, కింద ఇంత నల్లటి పొడి. వెర్లిన్ పొడి వంక చూసి భార్య వంక చూశాడు. దాన్ని ఏ డబ్బాలోనో దాచుకుంటుందేమో అనుకున్నాడు. ఆవిడ చీపురు తెచ్చి తనే ఊడ్చి చెత్తబుట్టలో పోసింది.

"పొడి పొడే. అది వాడు కాదు," అని లోపలికి పోయింది.

తర్వాత వెర్లిన్ తన పని తను చేశాడు. ఎన్ని వందల మైళ్ళ పైపులు అతికిన చెయ్యి అది! మంట ఇనుము లోతుకి దిగింది. అతుకు పూసలు గుచ్చినట్టు, ఒకే కొలతలో, ఒకే వరసలో, తప్పన్నది లేకుండా వచ్చింది. ఎవరైనా మెచ్చుకుంటారు. ఆయనకి మాత్రం అది చూస్తే ఒళ్ళు మండింది. బండి కింద ఎక్కడ చూసినా తనే ఉన్నాడు, కొడుకు లేడు.

అప్పుడు తోచింది. కింద తన అతుకు మోస్తుంది. దాని మీద ఇంకో వరస ఎలాంటిది వేసినా బరువు దాని మీద పడదు. వెస్లీ వేసినట్టే వేస్తే? అవే ఉండలు, అదే వంకర, చివర అదే ముద్ద. నాడీన్ వేలు పెట్టి తడుముకోవచ్చు.

ముందు పనికిరాని ఇనుప ముక్కల మీద వేసి చూశాడు. మంట తగ్గించాడు. రాలేదు. చెయ్యి తిన్నగానే పోయింది. కావాలని వణికించాడు, తాగుబోతు వేసినట్టొచ్చింది తప్ప పిల్లాడు వేసినట్టు రాలేదు. ఎడమ చేత్తో వేశాడు. కళ్ళు మూసుకుని వేశాడు. ముక్క మీద ముక్క పారేశాడు. దిక్కుమాలిన చెయ్యి, ఎన్నేళ్ళుగా ఏది నేర్చుకుందో అదే చేస్తోంది. తన కొడుకు చేసిన అతి చిన్న పని, దేశంలో ఏ కుర్రాడైనా చేసే పని, తన వల్ల కావడం లేదు. నేల మీద చతికిలబడి తల పట్టుకున్నాడు.

నాడీన్ భోజనానికి పిలవడానికొచ్చింది. పొయ్యి మీద చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె చల్లారిపోతున్నాయట. చుట్టూ పడి ఉన్న ముక్కల్ని చూసి ఆగింది.

"ఏం చేస్తున్నావు?"

"వాడిలా వేద్దామని," అన్నాడు. "పైన. నీ కోసం. రావట్లేదు నాడీన్. నాకు రావట్లేదు."

ఆవిడ ఒక ముక్క తీసి చూసింది. మరొకటి తీసి చూసింది. అప్పుడు ఆ మొగుడి మీద ఆవిడకి కలిగిన జాలి ఇంతా అంతా కాదు.

"ఆ వెల్డింగ్ ముసుగు ఇటియ్యి."

"నువ్వా?"

"ఏం, నాకు చేతుల్లేవా? ఎలా పట్టుకోవాలో చెప్పు చాలు."

తోలు కోటు తొడిగాడు, చేతి తొడుగులిచ్చాడు. మీట నొక్కడం, దూరం చూసుకోవడం చెప్పాడు. అంతకుమించి చెప్పలేదు. నాడీన్ పడుకుని, బండి కిందకి జరిగి, మొదలుపెట్టింది. ఇనుము చిటపటమంది, ఆవిడ కెవ్వుమంది, ఆగింది, మళ్ళీ మొదలెట్టింది. వెర్లిన్ తన ముసుగులోంచి చూస్తున్నాడు. రెండు ఉండలు, ఓ ఖాళీ, భయపడి వేసిన చోటే మళ్ళీ, చివర వదలలేక ముద్ద. కళ్ళ ముందు వెస్లీ వేసింది వేసినట్టు ఉంది.

"ఎలా ఉంది? వాడిది ఇలాగే ఉండేదా?"

"ఇలాగే," అన్నాడు. నేర్చుకునే ప్రతివాడిదీ మొదట ఇలాగే ఉంటుందని ఆయనకి తెలుసు. ఆ మాట చెప్పలేదు.

నాడీన్ నవ్వింది. ఎన్నాళ్ళకో. "మా కోళ్ళే, రెట్టలతో సహా," అని ముసుగు దించుకుని రెండో వైపుకి జరిగింది. ఈసారి కేక వెయ్యలేదు. మధ్యలో ఒక్కసారే ఆగింది. ముసుగెత్తి, దీపం దగ్గరికి లాక్కుని చూసుకుంది.

రెండోది మొదటిదానికంటే బాగా వచ్చింది. గొప్పగా ఏం కాదు, కానీ ఉండలు చిన్నవయ్యాయి, వరస కుదిరింది, చివర ముద్ద లేదు. చెయ్యి దానంతటదే నేర్చేసుకుంది.

ఆవిడ ఇటు చూసింది, అటు చూసింది. నవ్వు పోయింది.

"ఇంత తొందరగా వచ్చేస్తుందా వెర్లిన్?"

"వచ్చేస్తుంది."

"ఇంకో నాలుగు రోజులు చేస్తే?"

"ఇంకా బాగా వస్తుంది."

"ఇంకో ఏడాది చేస్తే?"

ఆవిడ అడుగుతున్నది తన చెయ్యి గురించి కాదని వెర్లిన్‌కి తెలుసు. నాడీన్ బండి కిందే వెల్లకిలా పడుకుని, తొడుగులున్న చేతులతో మొహం కప్పుకుని, కొడుకుని పాతిపెట్టిన రోజు కూడా ఏడవనంత గట్టిగా ఏడ్చింది. ఆయన పాక్కుంటూ వెళ్ళి ఆ చల్లటి సిమెంటు మీద ఆవిడ పక్కన పడుకున్నాడు.