తెల్ల ప్యానెల్ వెనకాల

మొదటి ప్లాస్టిక్ ప్యానెల్‌ని మూలలో నిలబెట్టి రసమట్టం ఆనించాడు నతానియేలు. బుడగ పక్కకి జరిగి ఆగింది. వంకర ప్యానెల్‌లో లేదు, గోడలో ఉంది. ఆలమూరు చుట్టుపక్కల పాత ఇళ్ళన్నిటికీ ఇదే రోగం. కాలవ తేమ పునాదిలోంచి పైకి పాకి, ఏటా సున్నాన్ని పొక్కులు లేపి రాలుస్తుంది. ఫ్రేము వెనక చిన్న చెక్కపేడు దూర్చి, మళ్ళీ చూసి, స్క్రూ బిగించాడు. ఇక ఆ గోడ ఎంత ఏడ్చినా ఎవరికీ కనపడదు.

చేతులు చాస్తే రెండు గోడలూ తగిలే స్నానాలగది. మూల కమోడు, దాని పక్కన కుళాయి, పైన చెయ్యి పట్టేంత కిటికీ. నతానియేలు సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకి వంగి ఉంటాడు. కుడి బొటనవేలి గోరు ఎప్పుడో సుత్తి కింద నలిగి నల్లగా ముద్దకట్టింది. ఒకప్పుడు ద్వారబంధాలు చేసేవాడు. తలుపులు కూడా ప్లాస్టిక్‌వి వచ్చేసిన తరవాత, కొత్తపేటలో గణపతి కొట్టుకి ప్యానెళ్ళు బిగించే పనిలో కుదిరాడు. చెక్కకి వాసన ఉండేది. దీన్ని కోస్తే తెల్లటి పొడి రాలి చేతి వెంట్రుకలకి అతుక్కుంటుంది, అంతే.

ఆ ఇల్లు అతని బావమరిది ఎబినేజర్‌ది. తన భార్య రాహేలు పోయిన దగ్గర్నుంచీ నతానియేలు ఆ గడప తొక్కలేదు. ఇవాళ కూడా ముందు గదిలోంచి రాలేదు. సందులోంచి తిరిగి పెరటివైపు వచ్చి, నేరుగా స్నానాలగదిలోకి దిగాడు.

అత్తగారు కాంతమ్మ ఈ గదిలోనే జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. అమలాపురం ఆసుపత్రిలో ఆపరేషను చేసి, ఈ మధ్యాహ్నం ఇంటికి పంపుతున్నారు. ఆవిడ వచ్చేసరికి గోడలకి ప్యానెళ్ళు పడాలి, కమోడు పక్కన పట్టుకుని లేవడానికి స్టీలు హ్యాండిల్ ఉండాలి. చుట్టరికం తెలియని గణపతి పని చీటీ చేతికిచ్చాడు. నతానియేలు ఎబినేజర్ పేరు చదివి, కాసేపు నిలబడి, చీటీ జేబులో పెట్టుకున్నాడు.

నిన్న ఎబినేజర్ భార్య నిర్మల కొట్టుకి వచ్చి రంగులు చూసింది. పాలరాయి గీతలున్నది ఒకటి, ఆకుపచ్చ పువ్వులది ఒకటి పట్టుకుని ఎటూ తేల్చుకోలేక, లోపల ముక్కలు కోస్తున్న అతన్నే అడిగింది. తెల్లది వెయ్యమన్నాడు. తెలుపైతే మురికి కనపడుతుందేమోనండి అంది.

“కనపడాలి. కనపడితేనే కడుగుతారు,” అన్నాడు.

నిర్మల నవ్వబోయి మానేసింది. తెల్లదే తీసుకుంది.

ఇప్పుడు గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఎంతసేపు పడుతుందని మూడోసారి అడిగింది. ఎబినేజర్ ఆసుపత్రి దగ్గరున్నాడు, బండి మాట్లాడేశాడు. నతానియేలు తలెత్తకుండానే, వచ్చేసరికి అవుతుందన్నాడు. తరవాతి ప్యానెల్ అంచుని ముందుదాని గాడిలో పెట్టి అరచేత్తో చరిచాడు. ఠక్కుమని కూర్చుంది. ఇవి ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. మధ్యలోది విప్పాలంటే చివర్నుంచి ఒక్కొక్కటే ఊడదీసుకుంటూ రావాలి.

కమోడు పక్కకి వచ్చాడు. హ్యాండిల్ పడేది ఇక్కడే.

ప్యానెల్ లోపల డొల్ల. దానికి స్క్రూ బిగిస్తే గాలికి బిగించినట్టే. అందుకని ముందు గోడకి చెక్కదిమ్మ కొట్టి, దాని మీంచి ప్యానెల్ మూసి, స్క్రూలు దిమ్మలోకి దిగేలా హ్యాండిల్ వెయ్యాలి. టేకు దిమ్మ సంచిలోనే ఉంది. తెల్లవారి లేచి తనే కోశాడు, పాత ద్వారబంధం ముక్క. సంచీ వైపు చూశాడు. తియ్యలేదు.

రాహేలు పోయిన రోజు, ఏరవతల తన ఊళ్ళో, తన సంఘం శ్మశానంలో గొయ్యి తవ్వించాడు. ఏరు ఇవతలినుంచి కాంతమ్మ బండి వేసుకుని వచ్చింది. ఆవిడది వేరే సంఘం, వేరే పాస్టరు. ఏడవలేదు. వాకిట్లో అందరూ చూస్తుండగా, “బతికినన్నాళ్ళూ నీ దగ్గరుంది చాలు. ఇప్పుడు నా పిల్లని నాకిచ్చెయ్,” అంది. శవాన్ని బండెక్కించి వంతెన దాటించేసింది. తవ్విన గొయ్యి తవ్వినట్టే ఉండిపోయింది. రాత్రి వాన పడి అందులో నీళ్ళు నిలిచాయి. మర్నాడు పార తీసుకెళ్ళి అతనే పూడ్చుకున్నాడు. చుట్టాలు ఎవరూ సాయం రాలేదు. రమ్మని అతనూ అడగలేదు.

దిమ్మ పెట్టకుండా ప్యానెల్ మూసేశాడు. తరవాతివీ కూర్చోబెట్టి, మూల పట్టీ వేసి, కంటికి తోచిన ఎత్తులో హ్యాండిల్ బిగించాడు. దిమ్మ ఉన్నదీ లేనిదీ చూడటానికి ఒక్కలాగే ఉంటాయి. లేనిది మాత్రం మనిషి బరువు పడగానే ప్యానెల్‌తో సహా ఊడి చేతికొస్తుంది.

నిర్మల టీ తెచ్చింది. గది తెల్లగా వెలుగుతుంటే మొహం విప్పారింది. బండి అమలాపురంలో బయల్దేరిందని ఫోను వచ్చిందట. హ్యాండిల్ పట్టుకోబోయింది.

“ఇప్పుడే ముట్టుకోకమ్మా,” అన్నాడు.

నిర్మల చెయ్యి వెనక్కి తీసుకుంది. గ్లాసు అందిస్తూ, ఏదో చెప్పాలా వద్దా అన్నట్టు ఆగింది.

“ఆయన వేరే మేస్త్రీని పెడదామన్నారండి, అన్నయ్యగారూ. మీరు రారేమోనని. అత్తయ్యగారే ఒప్పుకోలేదు. అతన్నే పిలవండి, అతను బిగిస్తే ఊడదు అన్నారు.”

“ఆవిడ నోటితో అన్నారా?”

“ఆయ్. నేను పక్కనే ఉన్నానండి.”

“ఇంకేమన్నారు?”

నిర్మల ఆలోచించింది. “ఇంకేం అనలేదండి.”

అనదు. ఒక్క మాట అనదు. నా పిల్లని తీసుకెళ్ళేను, తప్పయింది అనదు. కానీ అతని చేతిపనిని మాత్రం నమ్ముతుంది, సొంత సొమ్ములా. నతానియేలుకి ఒళ్ళు మండిపోయింది. సగం తాగిన గ్లాసు కింద పెట్టి, నిర్మలని అవతలికి వెళ్ళమన్నాడు. తలుపేసుకుని గడియ పెట్టాడు.

మూల పట్టీ పీకాడు. హ్యాండిల్ విప్పాడు. చివర్నుంచి ఒక్కో ప్యానెల్ ఊడదీసి గోడకి జారేస్తూ వచ్చాడు. బయటినుంచి నిర్మల, బండి కొత్తపేట దాటిందంది. కన్నాలు పడ్డ ప్యానెల్ పక్కన పారేసి, మిగిలినదాంట్లోంచి కొత్తది కోశాడు.

దిమ్మ ఏ ఎత్తులో కొట్టాలి? ఇందాక ఆ ప్రశ్నే రాలేదు. కమోడు మూత మీద కూర్చున్నాడు. తల్లీ కూతుళ్ళది ఒకటే ఎత్తు, ఒకటే పొట్టి చేతులు. చివరి రోజుల్లో రాహేలుని అతనే లేవదీసేవాడు. ఆవిడ ఎడంచెయ్యి ముందుకి చాపి అతని మణికట్టు పట్టుకునేది, గోళ్ళు దిగేలా. ఇప్పుడు తనే భుజాలు దించి, వెన్ను వంచి, రాహేలంత చిన్నగా అయ్యి, ఎడంచెయ్యి ముందుకి చాపాడు. వేళ్ళు ఎక్కడ ఆగాయో గోడమీద అక్కడ పెన్సిలు గీత పెట్టాడు.

డ్రిల్లు తిరిగింది. తడిసిన ఇటిక పొడి ఎర్రగా మోకాళ్ళ మీద రాలింది. నాలుగు మూలలా పొడుగు స్క్రూలతో దిమ్మని గోడలోకి దించాడు. దాని మీంచి కొత్త ప్యానెల్ మూశాడు. తరవాతివి ఎక్కించాడు. చెమట కళ్ళలోకి కారుతుంటే మోచేత్తో తుడుచుకున్నాడు. హ్యాండిల్ వేసి, ఆఖరి స్క్రూ ఇక తిరగనంత వరకూ తిప్పాడు. రెండు కాళ్ళూ నేలమీంచి లేపి, ఒంటి బరువంతా దాని మీద వేసి వేలాడాడు.

కిర్రుమని కూడా అనలేదు.

గడియ తీసేసరికి నిర్మల పెరటి అరుగు మీద కూర్చుని ఉంది. ఫోను ఒళ్ళో ఉంది. ఏడవడం లేదు. ఇంకా మొదలుపెట్టలేదు.

“వంతెన మీదకి వచ్చేకండి... మంచినీళ్ళడిగేరంట. సీసా మూత తీసేలోపే.”

నతానియేలు కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. గోళ్ళలో ఇటిక పొడి పోలేదు. మళ్ళీ కడుక్కున్నాడు. సామాను సంచిలో వేసుకోవడం మొదలుపెట్టాడు.

“ఇవాళన్నా ఉండండి, అన్నయ్యగారూ.”

“ఎక్కడ పెడతారు?”

“వదినగారి పక్కనేనండి. ఆ చోటు అత్తయ్యగారు ఎప్పుడో చెప్పి ఉంచేరు.”

ఆ చోటు తనకి ఉంచమని అతనూ ఒకసారి ఇక్కడి పాస్టరు దగ్గరికి వచ్చి అడిగాడు. మీరు మా సంఘం కాదు కదండీ అన్నాడు పాస్టరు, మర్యాదగానే. నతానియేలు సంచీ జిప్పు లాగాడు. అది మధ్యలో పట్టేసింది. రెండోసారి లాగలేదు, అలాగే భుజానికి తగిలించుకున్నాడు.

“ఆయ్,” అన్నాడు.

సందులోంచే బయటికి నడిచాడు. బండి ఇంకా రాలేదు. వెనక నిర్మల గొంతు అప్పుడు లేచింది.

స్నానాలగది తలుపు తెరిచే ఉంది. తెల్లటి గోడకి స్టీలు హ్యాండిల్ మెరుస్తోంది. ఇంకా విప్పని దాని ప్లాస్టిక్ తొడుగు మీద ఒక్క మనిషి వేళ్ళే పడ్డాయి, ఎర్రటి ఇటిక పొడితో.