పసుపు పూసిన చెయ్యి

వాగులో ముంచిన చెయ్యి ఎర్రగా తేలేది.

ఎరుపు ఒకరోజు. నీలం ఒకరోజు. దమ్మపేట అవతల, అడవి మొదలయ్యే చోట, వెంకటప్పయ్య చీరల రంగుల షెడ్డులో ఏ రంగు మరిగితే వాగుకు ఆ రంగు.

కింద తండా ఉంది. తండా ఆడవాళ్లు వాగు ఇసుకలో చెలమ తోడి, ఊరిన నీళ్లు బిందెల్లోకి ముంచుకుంటారు. రంగు వచ్చిన రోజు చెలమ ముట్టరు. బిందె ఎత్తుకుని రెండు మైళ్లు నడుస్తారు.

రంగు కనపడుతుంది. అందుకే తప్పుకుంటారు.

ఈ సంగతి నాకు ఇవాళ్టి దాకా తట్టలేదు...

కాలేజీ నుంచి హేమలత మేడమ్ వచ్చింది. నల్లరాయి పొడి తెచ్చింది. ఒకప్పుడు భూమి కడుపులోంచి నిప్పై పొంగి, చల్లారి, రాయి అయిందట. క్రషర్ దగ్గర ఊరికే పడి ఉండే పొడి. కాస్టిక్ సోడా నీళ్లలో కలిపి, మూతపెట్టి, రోజంతా వేడి మీద ఉంచితే జియోలైట్ అవుతుంది. కంటికి కనపడని చిల్లులుంటాయి దానికి. రంగును పట్టి ఉంచుతుంది.

ఉడికించడం మేడమ్ పని. షెడ్డులో కూలిని, కడగడం నాది.

కడగాలి. వంపాలి. మళ్లీ కడగాలి. గొంతు కాల్చే ఆ సోడా అంతా పోయేదాకా...

పోయిందో లేదో పసుపు చెబుతుంది. పసుపు పూసి ఆరబెట్టిన కాగితం ముక్క కడిగిన నీళ్లలో ముంచాలి. ఎర్రబడిందా — సోడా ఇంకా ఉంది. పసుపుగానే ఉందా — చాలు.

కాగితాలకు పసుపు పూసేదీ నేనే.

అన్నం పెడుతుంటే నా వేళ్లు అత్త చూసింది.

"నా కొడుకు పోయి మూడేండ్లు నిండలే. నీకు పసుపెందుకే, నాగలక్ష్మీ?"

"కాగితాలకత్తా."

"అవ్. పేరంటానికి పోతున్నయేమో కాగితాలు."

బూడిదతో తోముకున్నాను. వేళ్లు ఎర్రబడ్డాయి. ఇంకా తోమాను.

మర్నాడు కాగితాలు అయిపోయాయి. మళ్లీ పూయలేదు. చివరి బస్తా నాలుగుసార్లే కడిగాను. మిగతావన్నీ ఏడుసార్లు పట్టాయి. బస్తా మీద బొగ్గుతో రాశాను — కడిగినది.

రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నాక నేను రాసిన మొదటి అబద్ధం.

ఆ బస్తా పొడి ఇవాళ రంగునీళ్లు వడకట్టే డ్రమ్ములో ఉంది.

పైన ఎర్రనీళ్లు పోశారు. కింద తొట్టిలోకి తేటనీళ్లు దిగాయి. తొట్టి నిండితే తూము తీస్తారు. తూము అవతల వాగు.

"మేడమ్, మీ రాయి మా రంగును మింగి తేన్పు కూడా తియ్యలే," అన్నాడు వెంకటప్పయ్య. "దీనికి చీర పెట్టాలె ఇగ."

నవ్వారు. డ్రమ్ముకు పూజ. ముత్తైదువలు ఒక్కొక్కరే పసుపు రాసి బొట్టు పెడుతున్నారు. వాళ్లలో అత్త. వెనకాల నేను.

వాగు ఒడ్డున తండా సోమ్లి బిందె తోముకుంటోంది.

"అక్కా, అన్ని బస్తాలు చూసినవ్ కదా?" మేడమ్ అడిగింది.

తల ఊపాను. ఎటు ఊపానో నాకే తెలియదు.

తేటనీళ్లు... తేటనీళ్లను చూసి ఎవరు తప్పుకుంటారు? ముందు పిల్లలకే తాగిస్తారు.

వెంకటప్పయ్య తూము మీద చెయ్యి వేశాడు.

"ఆగున్రి."

నా గొంతే.

నడిచాను. ముత్తైదువలు పక్కకు జరిగారు — తగులుతానేమోనని. పళ్లెంలోంచి పసుపు తీసి అరచేతికి పూసుకున్నాను. వేళ్ల సందుల్లో కూడా. అత్త చేతిలో గంట ఆగిపోయింది.

తొట్టిలో చెయ్యి ముంచాను.

మేడమ్ ముఖంలో నవ్వు పోయింది. సోమ్లి బిందె పట్టుకుని ఇటే చూస్తోంది.

నీళ్లు తేటగా ఉన్నాయి.

చెయ్యి పసుపుగా ఉంది.

ఇంకా పసుపుగానే...

వేళ్ల సందుల్లో మాత్రం — ఎరుపా, ఎండా అది?

ముంచిన చెయ్యి ముంచే ఉంచాను. తేలనివ్వలేదు.