బాంబ్‌ప్రూఫ్ గోడ

సాయికృష్ణ అంటే నాకు ఒళ్ళుమంట. అయినా అతని కాగితం మీద మొదటి సంతకం నాదే.

గుడివాడలో మా వీధి చివరున్న పాత బియ్యం గోడౌన్ కొని, అందులో దీపావళి మందుగుండు నిల్వ చేస్తానన్నాడు. చుట్టుపక్కల వాళ్ళ అంగీకారం కావాలట. ఇంగ్లీషులో టైపు చేయించి తెచ్చిన కాగితంలో ‘బాంబ్‌ప్రూఫ్’ గోడలని రాసి ఉంది. ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పిన గర్వంతో అందులో రెండు తప్పులు దిద్ది, కింద సంతకం గీకాను. గోడౌన్‌లోకి మాత్రం తొంగి చూడలేదు. మా వీధిలో ఇంగ్లీషు కాగితం వస్తే మాస్టారి సంతకం ఉందా అని చూస్తారు. ఉంటే ఇంకేమీ అడగరు. పదకొండు మంది నా కింద పెట్టేశారు.

రోషన్ బీ ఒక్కతే పెట్టలేదు. ఆమె కుట్టుమిషను గదికీ ఆ గోడౌన్‌కీ మధ్య ఒకటే గోడ. సాయికృష్ణ నన్ను వెంటబెట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళాడు. ఆమె మొండితనం మీద నాకూ చిరాగ్గానే ఉంది.

“ఆ బాంబ్‌ప్రూఫ్ అనే మాటకి అర్థం ఏంటి మాస్టారూ?” మిషను ఆపకుండానే అడిగింది.

“బాంబు పడినా లోపలున్న వాళ్ళకి ఏమీ కాని కట్టడాన్ని అలా అంటారమ్మా. యుద్ధాలప్పుడు జనం తలదాచుకోవడానికి కడతారు. గోడలూ, కప్పూ అన్నీ మందపాటి కాంక్రీటే.”

“అంటే బాంబు బయట, మనుషులు లోపల.”

“అంతే.”

“ఇక్కడ మందుగుండు లోపల, నేను బయట. గోడ చూస్తే వట్టి ఇటుక, పైన రేకులు. మీరు చూశారా మాస్టారూ?”

నేను సాయికృష్ణ వైపు తిరిగాను.

“గట్టి గోడని అర్థం!” సాయికృష్ణ అరిచాడు. “జాకెట్లు కుట్టుకునేదానివి, నీకెందుకు ఇవన్నీ?”

“అంత గట్టిదైతే ఈ గది మీకే ఇస్తానండీ. పండగ వెళ్ళేదాకా మీ ఇంట్లోవాళ్ళని తెచ్చి ఇక్కడ పెట్టండి. సంతకం పెట్టేస్తాను.”

“మతి పోయిందా నీకు? మా ఇంట్లో చిన్నపిల్లలున్నారు!”

మిషను ఆగింది. లోపలి గదిలో రోషన్ బీ మనవరాలు తమన్నా బిగ్గరగా ఎక్కాలు చదువుకుంటోంది. ఆ గొంతు మా ముగ్గురికీ వినబడుతోంది. సిగ్గుతో నా తల కొట్టేసినట్టయింది. కాగితం లాక్కుని నా పేరు అడ్డంగా కొట్టేశాను.

“నీ ఒక్కడి పేరు పోతే నాకేంటి?” సాయికృష్ణ కాగితం గుంజుకున్నాడు. “పదకొండు మంది ఉన్నారు. ఈవిడ సంగతి ఎలా చూడాలో నాకు తెలుసు.”

అతను బండెక్కి వెళ్ళిపోయాడు. పేరు వెనక్కి తీసుకోమందామని, నా కిందే సంతకం పెట్టిన మా పక్కింటి కోటయ్య దగ్గరికి నేను తిన్నగా వెళ్ళాను. నన్ను గుమ్మంలో చూడగానే, ఎందుకొచ్చానని కూడా అడగకుండా, ఇంట్లోకి కేకేశాడు.

“ఏమేవ్, ఆ పెన్ను ఇలా తీసుకురా. ఎక్కడ పెట్టమంటారు మాస్టారూ?”