శనక్కాయ ఓబన్న

తెల్లారీ తెల్లారకముందే కృపాకుమారి తలస్నానం చేసి, పెళ్లిళ్లకు మాత్రమే కట్టే చీర కట్టుకుని, మరిది ప్రతాప్ ఆటో పక్కన నిలబడింది. అతనింకా పళ్లు తోముకుంటున్నాడు. యాభై అయిదేళ్ల ఆమెకు కాలు ఒకచోట నిలవడం లేదు.

"చర్చి ఏమన్నా లేసి పోతాండాదా వదినా? వందేండ్లు ఉన్నింది, ఇంగో గంట ఉంటాదిలే" అన్నాడు ప్రతాప్.

"ముందు నోరు పుక్కిలించు" అంది ఆమె.

ఆమె తొందరకు కారణం ఉంది. సోమందేపల్లె దగ్గర వాళ్ల ఊళ్లో ఎవరైనా కోతలు కోస్తే 'ఇది ఓబన్న శనక్కాయరా' అంటారు. ఓబన్న ఆమె నాయన. ఆమెకు పుట్టినూరూ మెట్టినూరూ ఒకటే కావడంతో, ఆ మాట తప్పించుకుని పోవడానికి వేరే ఊరు కూడా లేకపోయింది.

కథేమంటే, ఓబన్న తండ్రి తిప్పయ్య రాతిపనివాడు. గుండ్లకొత్తూరులో దొరలు పెద్ద చర్చి కట్టే రోజుల్లో, స్తంభాల తలల మీద ఆకులూ పూలూ చెక్కే పనికి పోయాడు. ఎవరికీ చెప్పకుండా ఒక స్తంభం మీద మన శనక్కాయ చెట్టును చెక్కి వచ్చానని కొడుక్కి చెప్పి కన్నుమూశాడు. ఓబన్న ఊరుకుంటాడా, ఊరంతా చాటాడు. చూపించమని జనం పట్టుబడితే నలుగురిని వెంటబెట్టుకుని పోయాడు. తీరా పోయి చూస్తే, ఏటేటా కొట్టిన సున్నం స్తంభాల తలలన్నిటినీ సంగటి ముద్దలు చేసి పెట్టింది. ఆ నలుగురూ దారి పొడుగునా నవ్వుతూ తిరిగొచ్చారు. ఆనాటి నుంచి పోయేదాకా ఆయన పేరు శనక్కాయ ఓబన్న. ఆ పేరు వినబడితే చాలు, తల వంచుకుని పక్క సందులోకి తిరిగేవాడు. కూతురు అది చూస్తూ పెరిగింది.

ఇప్పుడు ఆ చర్చి బాగుచేస్తూ సున్నమంతా గీకేశారట, రాయి బయటపడిందట. ఆదివారం ఆరాధనలో ఈ మాట విన్నప్పటి నుంచి కృపాకుమారికి అన్నం సహించలేదు. చెట్టు ఉంటే నాయన మాట నిలిచినట్టు. లేకపోతే ఊరు నవ్విందే నిజం.

గోరంట్ల దాటి గుట్ట తిరగ్గానే, బీడు పడ్డ చేల చివర ఇంకో గుట్ట మీద చర్చి శిఖరం కనిపించింది. ఆమె ఆటోలోనే లేచి నిలబడబోయి తల కొట్టుకుంది. నొప్పి కూడా తెలియలేదు. దగ్గరికి పోయేకొద్దీ ఆ రాతి కట్టడం పెరుగుతూనే ఉంది. కిటికీలన్నీ దండం పెట్టిన చేతుల్లాగా పైన మొనదేలి ఉన్నాయి.

గంట కొట్టే దాసప్ప ఎదురొచ్చాడు. వచ్చినవాళ్లకు చర్చి చూపించి వివరించడమంటే ఆ ముసలాయనకు మహా సరదా. "ఇది గోతిక్ కట్టడం" అని మొదలుపెట్టాడు.

"గుట్ట మింద కట్టి గోతి అంటాండారేమప్పా" అన్నాడు ప్రతాప్.

దాసప్ప అతన్ని ఎగాదిగా చూసి లోపలికి నడిచాడు. రంగు అద్దాల ఎరుపూ నీలమూ చల్లటి బండల మీద పరుచుకుని ఉన్నాయి. చెప్పులు విడిచి అడుగు పెట్టగానే కృపాకుమారి చెయ్యి చాపి గోడను తడిమింది. ఈ రాళ్లను తన జేజినాయన తిప్పయ్య తాకాడు. పన్నెండు స్తంభాలు. మెడ పట్టేసేలా తల ఎత్తి ఒక్కొక్కటే చూసింది. ఒకదాని మీద తామరలు, ఒకదాని మీద గోధుమ వెన్నులు, ఇంకోదాని మీద ఏవో పేరు తెలియని దొరల పూలు.

"ఇది కడాది. ద్రాక్షావల్లి" అన్నాడు దాసప్ప పన్నెండో స్తంభం దగ్గర. "సున్నం గీకినప్పటి నుంచీ అయ్యగారు ప్రసంగంలో గూడా దీన్నే చూపిస్తాండారు. అయిపోయినాయమ్మా."

ఆమె ప్రతాప్ వేళాకోళం చేస్తాడనుకుంది. అతను మెత్తగా, "పోదాం పా వదినా. ఊర్లో నేను ఎవురికీ చెప్పనులే" అన్నాడు. వేళాకోళమే నయమనిపించింది.

పోబోతూ మరోసారి తల ఎత్తింది. నలభై ఏళ్లు చేలల్లో శనక్కాయ పీకిన కళ్లవి.

"అన్నా, ద్రాక్షకాయకు నడుముంటాదా?"

"సున్నం కొట్టకముందు మా నాయన చూసినాడు, అది ద్రాక్షేనమ్మా" అన్నాడు దాసప్ప.

సున్నం గీకడానికి కట్టిన పరంజా ఇంకా అక్కడే ఉంది. దాసప్ప వద్దనేలోపే ఆమె కుచ్చిళ్లు ఎగదోపి ఎక్కేసింది. పైన గుత్తిని చేత్తో తడిమింది. కాయకాయకూ నడుముంది. తొక్క మీద వల అల్లినట్టు గీతలున్నాయి. కొమ్మ నుంచి సన్నటి ఊడలు దిగి, ఊడకో కాయ పట్టింది. ఆకులు లెక్కపెట్టింది. రెమ్మకు నాలుగు, ఇంకో రెమ్మకూ నాలుగే, శనక్కాయకున్నట్టే. పీకి, మన్ను దులపడానికి కొమ్మలు చేతబట్టి ఎత్తిన చెట్టు అది.

"ప్రతాపూ, ఎక్కు" అంది.

అతను ఎక్కి, అలవాటుకొద్దీ ఒక రాతి కాయను బొటనవేలితో నొక్కాడు, ఒలవబోతున్నట్టు. ఆ పక్కనే ఎండి ముడుచుకుపోయిన సన్నకాయ ఒకటి వేలికి తగిలింది. అతని ముఖంలో నవ్వు మాయమైంది.

"వదినా, ఇది తాలుకాయ. వాన చాలకుండా పోయింది" అన్నాడు నెమ్మదిగా. "మనూరోడే చెక్కినాడు."

కృపాకుమారి ఆ తాలుకాయ మీద చెయ్యి వేసుకుని నవ్వింది, ఏడ్చింది, మళ్లీ నవ్వింది. కింద దాసప్ప కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"ఆయన పేరేందమ్మా? రేపు వచ్చేటోళ్లకు చెప్పాల గదా" అని అడిగాడు.

"తిప్పయ్య" అంది ఆమె, చర్చంతా మోగేలా.

తిరుగుదారిలో సోమందేపల్లె దగ్గరపడుతుండగా ప్రతాప్, "ఇంగ మీదట మామను ఎవురూ ఆ పేరు పెట్టి పిల్చకుండా నేను చూసుకుంటా వదినా" అన్నాడు.

"పిల్చకుంటే నేను ఊరుకోను" అంది కృపాకుమారి. "శనక్కాయ ఓబన్న అనే పిల్చాల. మా నాయనకు వినపడేటట్ల పిల్చాల."