రవ్వ మూటల గది

హులిగమ్మ కూతురికి గాలి సోకిందట. ఈ మాట మొదట పుట్టించిందెవరో తెలియదు గాని, కొళాయి దగ్గర బిందె దించుకుంటూ పొరుగింటి జొహరాబీ చెప్పిన వైనం మాత్రం ఆదోని పత్తి మిల్లుల వెనక ఉన్న ఆ పేటంతా పాకింది. బడి నుంచి వచ్చే దారిలో, పాడుపడిన జిన్నింగు షెడ్డు దగ్గర పిల్ల కడుపు పట్టుకుని వంగిపోయిందట. పిలిస్తే పలకలేదట. ఒళ్ళు కాలిపోతోందట, కళ్ళు ఎర్రగా ఉన్నాయట. ఈడొచ్చిన పిల్లకు ఇంకేమై ఉంటుంది, అదే అయి ఉంటుందని జొహరాబీ తేల్చేసింది. ఆమెది చెడ్డ మనసేం కాదు. తాయెత్తు కట్టించమని చెప్పి ఊరుకోక, పని మానుకుని దర్గా దాకా వెంట కూడా పోయింది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏటి సంగతి ఇది. హులిగమ్మ మిల్లులో పత్తి ఏరేది. మొగుడు దుర్గప్ప కోసిగి పక్క పల్లె నుంచి వచ్చి ఆ మిల్లులోనే పత్తి బేళ్ళు మోసేవాడు. ఊరుకుంద ఈరన్నకు మొక్కుకుంటే పుట్టిన ఒక్కగానొక్క బిడ్డ ఈరమ్మ. ఏడో తరగతి గట్టెక్కితే చాలు, ఈ దూది నుసి తన ఊపిరితో సరి, బిడ్డ ముక్కులోకి పోకూడదని హులిగమ్మ పట్టు. అలాంటిది, ఆ పిల్ల ఇప్పుడు బడి పేరెత్తితే గోడవైపు తిరిగి పడుకుంటోంది.

ఆ మిడిల్ స్కూలు సామాన్యమైంది కాదు. హెడ్మాస్టరు భీమరావు అక్కడ విద్యార్థి క్షేమ సంఘం పెట్టినాడని తాలూకా అంతా చెప్పుకునేవారు. మధ్యాహ్నం అమెరికా రవ్వతో ఉప్మా, చిన్నపిల్లలకు పాలపొడి పాలు, ఏడాదికొక జత బట్టలు. బడి మానేసిన పిల్లల ఇళ్ళకు పోయి తల్లిదండ్రులకు బుద్ధి చెప్పడం కూడా సంఘం పనే. ఆ ప్రకారమే భీమరావు హులిగమ్మ ఇంటికీ వచ్చినాడు. గడప ఎక్కలేదు, గొడుగు వేసుకుని వీధిలోనే నిలబడ్డాడు. పిల్ల మెడలో తాయెత్తు చూసి పెదవి చప్పరించి, ఇలాంటి మౌఢ్యం వల్లే దేశం వెనకబడిందన్నాడు. సంఘం తరఫున ఒక టానిక్కు సీసా తీసి, చేయి తగలకుండా అరుగు మీద పెట్టి, నీళ్ళు బాగా కలిపి తాపమని చెప్పి పోయినాడు.

టానిక్కుతో జ్వరం తగ్గలేదు, పెరిగింది. పెద్దాసుపత్రిలో లేడీ డాక్టరు చూసి హులిగమ్మనే కసిరింది. దయ్యం కాదు, భూతం కాదు. పిల్ల నీళ్ళు తాగడం లేదు, ఉచ్చ బిగబట్టుకుంటోంది, లోపల చీము పట్టిందని చెప్పి, సూది వేసి మాత్రలిచ్చింది.

ఇంటికొచ్చి హులిగమ్మ చెంబుతో నీళ్ళిస్తే పిల్ల పక్కకు నెట్టేసింది.

"తాగే అలవాటు సేసుకుంటే బడిలో యాడికి పోవల్లమ్మా?"

అప్పుడు బయటపడింది. బడి వెనక కంపచెట్ల మరుగుకు పోయేవారు ఆడపిల్లలు. మిల్లువాళ్ళు కంపలు కొట్టించి ప్రహరీ కట్టించినారు. ఆ గోడ నీడన ఇప్పుడు పేకాటగాళ్ళు కూర్చుంటారు. ఒకనాడు ఈరమ్మ తాళలేక గోడ మూలకు పోతే గులకరాయి వచ్చి వీపున తగిలింది, వెనకే నవ్వులు. అప్పటి నుంచి తెల్లారి లేస్తే సాయంత్రం దాకా గొంతులో చుక్క పోయలేదు. తింటే దప్పికవుతుందని ఉప్మా కూడా ముట్టలేదు. ఆరు, ఏడు తరగతుల ఆడపిల్లలందరిదీ అదే పాటు.

"కొత్తగా పాయఖానా కట్టిరి గదే?"

"దానికి బీగమేసినారమ్మా. రవ్వ మూటలుండాయి దాంట్లో."

హులిగమ్మ నమ్మలేదు. జ్వరంలో ఏదో అంటోందనుకుంది. మరునాడు మిల్లుకు నాగా పెట్టి బడికి పోయి చూసింది. ఆవరణ మూలన సున్నం కొట్టిన గది. తలుపుకు గంధం, కుంకుమ బొట్లు, ఆయుధపూజనాటి ఎండిన మామిడాకులు. రవ్వ తీయడానికి వచ్చిన బిళ్ళబంట్రోతు దాని గొప్ప తానే చెప్పుకున్నాడు. టెంకాయ కొట్టి తెరిచిన నాటి నుంచి ఒక్కరంటే ఒక్కరు వాడలేదట. వాడితే కడిగేదెవరు, నీళ్ళు తెచ్చేదెవరు? మైల పడకూడదని హెడ్మాస్టరు గారి ఆన. గుంత మీద బండ కప్పి మూటలు పేర్చినారు. ఎలుక కూడా దూరదు. పెద్దసార్లు వచ్చినప్పుడు తెరిచి చూపిస్తే, ఎంత శుభ్రం అని మెచ్చుకుని పోతారు.

చదువరులారా, పాయఖానాలో తిండిగింజలు పెట్టినారని మీరు ముక్కు మూసుకుంటారేమో. నిజానికి ఆ గది తులసికోటంత శుభ్రంగా ఉంది. తన బిడ్డకు చీము ఎక్కడి నుంచి పట్టిందో ఆ శుభ్రం చూసే హులిగమ్మకు కళ్ళకు కట్టింది. గుమ్మం ముందే తుపుక్కున ఉమ్మేసింది.

బడి వార్షికోత్సవానికి కర్నూలు నుంచి అధికారి వచ్చినాడు. తల్లులందరినీ పిలిపించినారు. విస్తరాకుల్లో ఉప్మా పెట్టినారు. భీమరావు సంఘం చేసే సేవలన్నీ చదివి, పెద్ద తరగతుల ఆడపిల్లలు మాత్రం నిలవడం లేదని, దానికి తల్లుల అజ్ఞానమే కారణమని బాధపడ్డాడు. ఉదాహరణకు హులిగమ్మను లేపి నిలబెట్టినాడు. టానిక్కు ఇచ్చినా తాయెత్తునే నమ్ముకుందని చెప్పినాడు. జనం నవ్వినారు. జొహరాబీ తల దించుకుంది.

అధికారి మెత్తగానే అడిగినాడు. "ఏమ్మా, తిండి పెడుతున్నారు, బట్టలిస్తున్నారు, మందు ఇంటికే తెచ్చిస్తున్నారు. ఇంకేం కావాలి నీకు? బిడ్డను ఎందుకు మాన్పించావు?"

హులిగమ్మ చేతిలోని ఉప్మా ఆకును నేల మీద పెట్టింది. కొంగుకు చేయి తుడుచుకుంది.

"తాయెత్తు కట్టింది నా తెలివితక్కువే సామీ, ఒప్పుకుంటా. నా బిడ్డకు దయ్యం పట్టల్యా. ఉచ్చ ఆపుకోని ఆపుకోని రోగం పట్టింది. మీరు తింటాండే ఈ రవ్వ పాయఖానాలో నుంచి వచ్చింది. దానికి గది ఉండాది, బీగముండాది, బొట్టు ఉండాది. నా బిడ్డ కూర్చునేదానికి జానెడు మరుగు ల్యా. ఆడబిడ్డకు మరుగు ఇయ్యని బడి ఎంత తిండి పెట్టినా, ఎన్ని బట్టలిచ్చినా, ఏమి పెట్టినట్టు సామీ?"

ఉప్మా తింటున్న చేతులు ఆగిపోయాయి.