జతగా కొన్న ట్రిగ్గర్లు

మా అక్కచెల్లెళ్ళకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బుంది. ఏది కొన్నా జతగా కొంటాం. చెప్పులు, కుక్కర్లు, కర్టెన్ గుడ్డ, ఆఖరికి మొగుళ్ళు కూడా. ఇద్దరూ ఫొటోగ్రాఫర్లే, పైగా ఒకే స్టూడియోలో పనిచేసేవాళ్ళు. జతగా అడిగితే కొట్టువాడు ఎంతో కొంత తగ్గిస్తాడని మా ఆశ. మొగుళ్ళ విషయంలో మాత్రం ఎవరూ ఏమీ తగ్గించలేదు.

మూడేళ్ళ క్రితం ఆ తోడల్లుళ్ళిద్దరికీ చెడింది. ఒక్క స్టూడియో రెండైంది. మా ఆయనది వీధికి ఈ చివర, మా మరిదిది ఆ చివర. అప్పటి నుంచీ మా చెల్లి నా ఇంటికి రాలేదు, నేను దాని ఇంటికి వెళ్ళలేదు. బస్టాపుల్లోనూ కొట్ల ముందూ నిలబడి, దొంగసరుకు పంచుకుంటున్నట్టు మాట్లాడుకుంటాం. నలభై దాటిన ఆడవాళ్ళం! తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇలా ఉండగా స్కూలు పని వచ్చింది. ఏటా ప్రతి పిల్లకూ, పిల్లాడికీ ఒక ఫొటో. ప్రిన్సిపాల్ గారు ఎవరి మాటా వినే మనిషి కాదు. వీధిలో ఉన్న రెండు స్టూడియోలనూ పిలిచి తేల్చి చెప్పేసింది.

"చిన్న తరగతులు నాలుగున్నాయి. మీకు రెండు, వాళ్ళకు రెండు. ఒకే రోజు తీయాలి. ఎవరి పని బాగుంటే ఇకపై ఏటా వాళ్ళకే. ఇంకో మాట. పిల్లలు తిరిగే చోట నేల మీద ఒక్క తీగ కనపడకూడదు."

మా ఆయన ఇంటికి వచ్చి, "ఈసారి తేలిపోతుంది, ఎవడు ఎంతో" అన్నాడు. ఆ పని నాకూ కావాలి, కాదనను. సెల్‌ఫోన్లు వచ్చాక స్టూడియోకు వచ్చేవాళ్ళెంతమంది? కానీ నా భయం నాది. మేం గెలిస్తే చెల్లి సంసారం ఇబ్బందిలో పడుతుంది, వాళ్ళు గెలిస్తే మాది. ఎలా తేలినా ఆ ఇద్దరూ ఇక జన్మలో కలవరు. బస్టాపులో మాటలు కూడా ఉండవు. మూడు రాత్రులు నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

తీగ సంగతి చెప్పాలి. మొహం చక్కగా రావాలంటే ఫ్లాష్ కెమెరా నెత్తిన ఉండకూడదు, పక్కగా స్టాండు మీద ఉండాలి. మీట నొక్కిన క్షణంలోనే అది వెలగాలి. ఇన్నాళ్ళూ ఆ కబురు తీగ మోసేది. ఇప్పుడు తీగ లేకుండా మోసే ట్రిగ్గర్లు కావాలి. ఒక ముక్క కెమెరా మీద, ఇంకో ముక్క ఫ్లాష్ కింద. మా ఇంట్లో కొనుగోళ్ళు నావి, చెల్లి ఇంట్లో దానివి. ఇంకేముంది, మొగుళ్ళకు చెప్పకుండా ఇద్దరం కెమెరాల కొట్టు దగ్గర కలుసుకున్నాం.

కొట్టతను ముందు తెరా, అంకెలూ ఉన్న సెట్టు తీశాడు. వెలుగు ఎంత కావాలో అదే లెక్క కడుతుందట. దాని ధరకు మా ఫ్లాష్ లాంటివి రెండు వస్తాయి. "మా ఆయన వెలుగు చేత్తోనే సరిచేస్తాడు, దీనికి చదువెందుకు?" అని పక్కన పెట్టించాను. రెండోది మధ్యరకం, పదహారు ఛానెళ్ళున్నది. మూడోది అగ్గిపెట్టెంత. ఒక మీట, ఒక ఎర్ర దీపం, మామూలు పెన్సిల్ సెల్స్ వేసుకోవచ్చు. చెల్లి దాన్ని పట్టుకుని వీధి అవతలి దాకా నడిచి వెళ్ళింది. నేను ఇక్కడ నొక్కితే అక్కడ ఫ్లాష్ పదికి పదిసార్లూ వెలిగింది.

"ఇది చాలు. ఛానెళ్ళు మనకెందుకే, ఇదేమైనా టీవీనా?" అన్నాను.

"రెండు సెట్లు తీసుకుంటాం, ధర చూసి చెప్పండి" అంది చెల్లి, ఎప్పటిలాగే.

కొట్టతను బుర్ర గోక్కున్నాడు. "దీనికి ఛానెల్ ఒక్కటేనమ్మా. రెండు సెట్లూ ఒకే చోట వాడతారా?"

"అబ్బే!" అన్నాం ఇద్దరం ఒకేసారి. "మధ్యలో గోడ ఉంటుంది."

అది మా తెలివి. మూడేళ్ళుగా ఆ ఇద్దరి మధ్య గోడ చూసీ చూసీ, దాన్ని దాటి ఏదీ వెళ్ళదని మాకు గట్టి నమ్మకం కుదిరిపోయింది. రేడియో తరంగాలకు మా ఇంటి గొడవలు తెలియవన్న సంగతి తట్టనే లేదు.

ఫొటోల రోజు వచ్చింది. స్కూలు హాలును మడత చెక్కలతో రెండు గదులు చేశారు. ఇటు మేం, అటు వాళ్ళు. మా ఆయన స్టూలు వేసి, స్టాండు నిలబెట్టి, మొదటి పిల్లాణ్ణి కూర్చోబెట్టి జుట్టు సర్దుతున్నాడు. కెమెరా ఇంకా మెడలో వేలాడుతోంది. ఫట్‌మని ఫ్లాష్ వెలిగింది. పిల్లాడు ఉలిక్కిపడ్డాడు.

"నువ్వేమైనా ముట్టుకున్నావా?" అని మా ఆయన నా వైపు తిరిగాడు.

"నేనెక్కడున్నాను, స్టాండెక్కడుంది!"

మళ్ళీ వెలిగింది. మా ఆయన గబగబా కెమెరా ఎత్తి నొక్కాడు. ఈసారి వెలగలేదు, అప్పుడే వెలిగిన ఫ్లాష్ మళ్ళీ నిండడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది మరి. ఫొటో నల్లగా వచ్చింది. ఇంకోసారి నొక్కితే వెలిగింది. అదే సమయానికి గోడ అవతల ఎవరో పిల్ల కెవ్వుమంది, ఆ వెంటనే మా మరిది గొంతు, "ఛ! ఈ ఫొటో చీకటే!"

మా ఆయనకు ముక్కు మీదే కోపం. "కావాలనే చేస్తున్నాడు వాడు! నా పని చెడగొట్టడానికి ఏదో మిషను పెట్టాడు!"

కొట్టతను బుర్ర గోక్కోవడం కళ్ళ ముందు కనపడింది. దాచి లాభం లేదని చెప్పేశాను. "ఎవరూ ఏమీ చేయలేదు. చెల్లీ, నేనూ కలిసి కొన్నాం. రెండూ ఒకటే రకం, ఛానెల్ కూడా ఒక్కటే. మీరు నొక్కితే అక్కడా వెలుగుతుంది, అతను నొక్కితే ఇక్కడా వెలుగుతుంది."

"కలిసి కొన్నారా?" అని మా ఆయన అరిచాడు.

"కలిసి కొన్నారా?" అని గోడ అవతల మా మరిదీ అరిచాడు. చెల్లి కూడా అప్పుడే నిజం కక్కిందన్నమాట.

ఇక తిట్టుకోవడానికి కూడా తీరిక లేదు, బయట పిల్లలు బారులు తీరి ఉన్నారు. ఒకరి తర్వాత ఒకరు తీయడమే దారి. నేనూ చెల్లీ మడత చెక్కల సందు దగ్గర నిలబడి కబుర్లు మోయడం మొదలుపెట్టాం.

"వాణ్ణి కాసేపు ఆగమను" అంటాడు మా ఆయన.

"బావ ఆగమంటున్నాడు" అంటుంది చెల్లి.

"ఎంతసేపో కనుక్కో" అంటాడు మరిది. నేను ఇటు తిరిగి, "ఎంతసేపని అడుగుతున్నాడు" అనేలోగా స్టూలు మీది పిల్లాడు నవ్వడం మానేసి ముక్కులో వేలు పెడతాడు.

అరగంటకు ఆరుగురు అయ్యారు. మా ఆయనకు ఓపిక చచ్చింది. "మరీ నత్తలా తీస్తున్నాడని చెప్పు!"

అవతలి నుంచి జవాబు నేరుగా నాకే వచ్చింది. "అసిస్టెంటుని కదా వదినా, నాకు ఇంతే వచ్చు."

మా ఆయన మొహం పాలిపోయింది. గొడవంతా ఆ ఒక్క మాట దగ్గరే. మూడేళ్ళ క్రితం ఒక పెద్ద కస్టమరు "ఈయనెవరు?" అని అడిగితే, పదేళ్ళు భుజం భుజం కలిపి పనిచేసిన మనిషిని పట్టుకుని "మా అసిస్టెంటు" అనేశాడు మా ఆయన. అన్నాక తప్పని తెలుసు. తెలిసీ దిద్దుకోలేదు. నేను ఎన్నిసార్లు చెప్పినా "చూద్దాంలే" అనేవాడు.

ఇంతలో అవతల మరిది కెమెరా ఎత్తడం చెక్కల సందులోంచి కనపడింది. ఇటు పిల్లాడు సరిగ్గా అప్పుడే పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. మా ఆయన నన్ను చూడకుండా గట్టిగా "ఆగు!" అని అరిచి నొక్కాడు. మూడేళ్ళలో తోడల్లుడితో అన్న మొదటి మాట అది.

అవతలి నుంచి మరిది, "అయిందా? ఇప్పుడు నేను."

"కానీ."

ఆ తర్వాత మాతో పని లేకపోయింది. "నాది", "నీది", "ఆగు", "కానీ" అనుకుంటూ ఇద్దరూ చకచకా సాగిపోయారు. పిల్లలకు కూడా ఆట దొరికింది, పెద్దవాళ్ళతో పాటు అరుస్తున్నారు. మధ్యాహ్నానికి మాకు పదకొండు మంది మిగిలారు. పిల్లలు ఇళ్ళకు వెళ్ళే బస్సుల గంటకు పావుగంట ఉంది. సరిగ్గా సరిపోతుంది.

అప్పుడు మా మరిది పిలిచాడు. "అన్నయ్యా."

మా ఆయన కెమెరా దించాడు.

"నాకు ఒక్క పిల్లే మిగిలింది. పొద్దున ఫ్లాష్ దానంతటది వెలిగినప్పుడు కూర్చుని ఉన్నది ఈ పిల్లే. జడుసుకుంది. లైటు వైపు తిప్పితే చాలు కళ్ళు గట్టిగా మూసేస్తోంది. నువ్వు నొక్కినప్పుడల్లా ఇక్కడా వెలుగుతోంది కదా. కాసేపు పూర్తిగా ఆపుతావా?"

మా ఆయన బారు వైపు చూశాడు, గడియారం వైపు చూశాడు. ఆపితే మా పదకొండు మందీ మిగిలిపోతారు. స్కూలు పని పోతుంది. ఆపమనాలో వద్దనాలో నాకే తెలియలేదు.

మా ఆయన కెమెరా మీది ట్రిగ్గరు తీసి, మీట నొక్కి ఎర్ర దీపం ఆర్పి, నా చేతిలో పెట్టాడు. "ఆపేశాను. కంగారు పడకు, పిల్లను మెల్లగా తీయి."

పద్నాలుగు నిమిషాలు. అవతల మరిది ఏవో కథలు చెప్పాడు, చెల్లి కుర్చీ కింద దూరి పిల్లిలా మ్యావ్‌మంది. ఇవతల మా పదకొండు మందీ ఊపిరి బిగబట్టి మా ఫ్లాష్‌నే చూస్తున్నారు. ఆఖరికి ఎవరూ నొక్కకుండానే అది ఫట్‌మంది. అవతల ఫొటో పడిందన్నమాట. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే బస్సుల గంట కూడా మోగింది.

ప్రిన్సిపాల్ గారు కాగితం పట్టుకుని వచ్చింది. "వాళ్ళవన్నీ అయ్యాయి. మీవి పదకొండు మిగిలాయి. అయితే తేలిపోయినట్టే."

మడత చెక్కలు తోసుకుని మా మరిది ఇవతలికి వచ్చాడు. చొక్కా అంతా చెమట. "తేలలేదు మేడం. ఈయన ఆపబట్టే నావి అయ్యాయి. ఆ పదకొండూ నా పనే, రేపు వచ్చి తీస్తాను."

"మీవి రెండు వేరు స్టూడియోలన్నారు? ఇంతకీ ఈయన మీకు ఏమవుతారు?"

మరిది నోరు తెరిచేలోగా మా ఆయన అందుకున్నాడు. "నేను చెప్తాను మేడం. నేను ఇతనితో కలిసి పదేళ్ళు పనిచేశాను. నాకంటే బాగా తీస్తాడు. ఈ మాట మూడేళ్ళ కిందట చెప్పాల్సింది."

మరిది తల వంచుకుని కెమెరా బెల్టు సర్దుకున్నాడు. చాలాసేపు సర్దుకున్నాడు.

"మీ ఇంటి సంగతులు నాకెందుకు?" అంది ప్రిన్సిపాల్ గారు. "రేపు ఎనిమిదింటికి ఇద్దరూ రండి. బిల్లు మాత్రం ఒక్కటే పంపండి." కాగితం మడిచి వెళ్ళిపోయింది.

నాకు ఏడుపు ఆగలేదు. పిల్లలు చూస్తున్నారని తెలిసినా ఆగలేదు. కళ్ళు తుడుచుకుని చెల్లి కోసం చూస్తే గదిలో లేదు. గుమ్మం బయటికి వచ్చాను. ఎవరూ అడక్కుండానే, వాళ్ళ లైటు స్టాండు మోసుకెళ్ళి మా బండిలో పెడుతోంది.